దియ పెట్టిన టిక్కు

రోబో మళ్ళీ ఎడమకే తిరిగింది. నేరుగా వెళ్ళి డబ్బాను తోయాల్సింది పోయి, గానుగెద్దులా ఉన్నచోటే చుట్లు కొట్టింది. మొదటి రౌండు పోయింది. రెండో రౌండుకు ఇరవై నిమిషాలే ఉంది.

అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఒక స్కూలు జిమ్‌లో రోబోల పోటీకి వచ్చిన ముప్పై టీముల పిల్లలు ఒకేసారి అరుస్తున్నారు. దియ మాత్రం కాలు కాలిన పిల్లిలా టేబుల్ చుట్టూ తిరుగుతోంది. అసలే ఆ పిల్లకు కుదురు తక్కువ. ఈ రోజు మరీను.

కోచ్ స్రవంతి ఆంటీ చెక్‌లిస్టు తీసింది. స్క్రూ బిగించినవాళ్ళు చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి చూడాలి. అది జారకపోతేనే టిక్కు పెట్టి, పక్కన పేరు రాయాలి. అది వాళ్ళ టీము రూలు. ఎడమ చక్రం ఎదురుగా టిక్కు ఉంది. పక్కన దియ పేరూ ఉంది.

"చక్రాలు ఓకే. అయితే కోడ్‌లోనే ఏదో ఉంది," అంది ఆంటీ.

అందరూ ఆరుష్ వైపు చూశారు. ప్రోగ్రాం రాసిందీ, రోబోను నడిపేదీ ఆరుషే. నిన్ననే దాన్ని కాస్త మార్చాడు కూడా. పాపం, లాప్‌టాప్ తెరిచి అంకెలు మారుస్తూనే ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి ఆంటీ, ఈ రౌండులో పాత ప్రోగ్రాంతో టీములోని వినీత్ నడుపుతాడని మెల్లగా చెప్పింది. ఆరుష్ తలాడించి అందరికీ సారీ చెప్పాడు.

దియ తేలు కుట్టిన దొంగలా టేబుల్ వెనక్కి జరిగింది.

నిన్న సాయంత్రం ఆంటీ వాళ్ళ గరాజ్‌లో కొత్త చక్రాలు వేసింది దియే. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచేది సెట్ స్క్రూ. దానికి తల ఉండదు, బియ్యపుగింజంత ఉంటుంది. ఇరుసు ఒక పక్క చదునుగా ఉంటుంది. స్క్రూ మొన సరిగ్గా ఆ చదును మీద ఆనాలి. గుండ్రటి వైపు ఆనితే ఎంత బిగించినా చక్రం జారిపోతుంది. ఇదంతా దియకు కంఠతా వచ్చు. కానీ ఆఖరిదైన ఎడమ చక్రం దగ్గర ఉండగా పిజ్జా వచ్చింది. మొన ఎక్కడ ఆనిందో చూడలేదు. చక్రం తిప్పనూ లేదు. టిక్కు మాత్రం పెట్టేసి పరుగెత్తింది.

ఇప్పుడు కూడా పరుగెత్తింది, పోటీ చూడ్డానికి వచ్చి కూర్చున్న తాతయ్య దగ్గరికి. ఆయన గుంటూరు బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి. ఆరు నెలలు దియ వాళ్ళింట్లో ఉందామని వచ్చారు. దియ ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

"తాతయ్యా, నేను సీక్రెట్‌గా టైట్ చేసేస్తా. రోబో స్ట్రెయిట్‌గా వెళ్తుంది. ఎవరికీ తెలీదు."

తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బిగిస్తే చక్రం నిలబడుద్దమ్మా. మరి ఆ పిల్లోడి సంగతేంటి?"

దియ వెనక్కి తిరిగి చూసింది. ఆరుష్ లాప్‌టాప్ బ్యాగులో పెట్టేస్తున్నాడు. ఈసారి పరుగెత్తలేదు. నడిచే వెళ్ళింది. ఆ పదడుగులే ఎంతో దూరం అనిపించాయి.

"ఆంటీ, నేను టిక్ పెట్టా, కానీ చెక్ చేయలేదు. ఆరుష్ కోడ్ తప్పు కాదు."

ఆంటీ మొహం గట్టిపడింది. స్క్రూ తిప్పే అలెన్ కీ దియ చేతికిచ్చింది.

"కోడ్ త్రీ టైమ్స్ చేంజ్ చేశా, దియా," అన్నాడు ఆరుష్. గొంతులో కోపం ఉంది. ఉండదా మరి. దియ సారీ చెప్పింది. కాసేపటికి వాడే వచ్చి ఇరుసు కదలకుండా పట్టుకున్నాడు. ఆమె చదును వెతికి, దాని మీదికి స్క్రూ బిగించింది.

రెండో రౌండులో రోబోను ఆరుషే నడిపాడు. అది నేరుగా వెళ్ళింది. కప్పు రాలేదు, నాలుగో స్థానం వచ్చింది.

తరువాతి శుక్రవారం గరాజ్‌కు మళ్ళీ పిజ్జా వచ్చింది. అందరూ లేచి పరుగెత్తారు. దియ కాళ్ళు బల్ల కింద ఆగకుండా ఊగుతూనే ఉన్నాయి. చేతులు మాత్రం ఆఖరి చక్రం మీద ఉన్నాయి.

"దియా, అయిపోతోంది," అని ఆరుష్ పిలిచాడు.

"టూ మినిట్స్," అంది.

ఒక చేత్తో ఇరుసు పట్టుకుని, రెండో చేత్తో చక్రాన్ని గట్టిగా తిప్పింది. జారలేదు. ఇంకోసారి తిప్పింది. అప్పుడు పెన్సిల్ తీసుకుంది.