ఎర్రమల మీద ఆరో సమాధి

ఏసన్న గోలీసోడా సగం తాగి, మూతి తుడుచుకుని, కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయాడు.

ఎండదెబ్బ అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. 1954 మే నెల. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఎనిమిది నెలలైనా కాలేదు. ఆఫీసులు చాలామటుకు డేరాల్లోనే నడుస్తున్నాయి. ఆ డేరాల ముందు అర్జీలు పట్టుకుని కూర్చునే వందమందిలో ఏసన్న ఒకడు. ఎర్రమల కొండల కింద రాళ్లకొత్తూరులో మేకలు కాసుకునే ముసలివాడు. డాక్టరు వచ్చి, నోరు వాసన చూసి, ఎండదెబ్బ కాదన్నాడు. సోడాబండి అక్కడే ఉంది. సోడా అమ్మినవాడు మాత్రం లేడు.

ఏసన్న జేబులోని అర్జీ కూడా పోయింది. కానీ దాని నకలు ఒకటి అంతకు వారం ముందే టపాలో చేరింది. మూడోరోజు పొద్దున అది దావీదురాజు చేతిలో ఉంది.

దావీదురాజు ఢిల్లీ నిఘా విభాగంలో ఏజెంటు. నంద్యాల వైపు ఒక పాస్టరు కొడుకు. యుద్ధకాలంలో మిలిటరీలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేరి, ఆ తరువాత ఈ పనిలోకి వచ్చాడు. అతన్ని ఈ పనిలోకి తెచ్చినవాడు ఇప్పుడు ఎదురుగా కూర్చున్న పైఅధికారి, వింగ్ కమాండర్ సర్దేశాయి. డేరాకు కట్టిన వట్టివేళ్ల తడికెలు తడిసి నీళ్లు కారుతున్నాయి.

అర్జీలో ఉన్నది కొంచెమే. ఏడేళ్ల కింద తమ కొండ మీద కూలిన మిలిటరీ విమానంలో చచ్చిపోయిన అయిదుగురిని తనే పూడ్చానని, వాళ్ల సామాన్లు, రాసిన పుస్తకం ఒకటి దాచిపెట్టానని, తనకు వయసైపోయింది కాబట్టి వాళ్లవాళ్లకు చేర్చమని ఏసన్న రాయించాడు.

“ఈ విమానం గుర్తుందా?” అన్నాడు సర్దేశాయి.

గుర్తు లేకపోవడమేమిటి. 1946 నవంబరు. ఆదోని అవతల యుద్ధం కోసం వేసిన ఒక తాత్కాలిక ఏరోడ్రోము. యుద్ధం ముగిసి ఏడాది దాటినా, అరిగిపోయిన ఇంజన్లతో, అలసిపోయిన పైలట్లతో విమానాలు ఇంకా తిరుగుతూనే ఉండేవి, నెలకొకటి ఎక్కడో ఒకచోట కూలుతూనే ఉండేది. ఆరోజు మద్రాసు నుంచి వస్తున్న డకోటా మబ్బుల్లో చిక్కుకుంది. ఎత్తు చూపే ఆల్టిమీటరు సరిచేసుకోవడానికి కింద గాలి ఒత్తిడి ఎంతో చెప్పమని అడిగింది. ఆ అంకె పంపినవాడు దావీదురాజు. డ్యూటీ ఆఫీసరుగా పక్కనే నిలబడ్డవాడు సర్దేశాయి. ఇరవై నిమిషాల్లో విమానం ఎర్రమల కొండకు గుద్దుకుంది. విచారణలో పైలట్ పొరపాటు అని తేల్చారు.

సర్దేశాయి బ్రీఫింగ్ ముక్కలుముక్కలుగా సాగింది. ఆ పుస్తకం కోసం ఒక విదేశీ ముఠా దిగింది. దాని పెద్ద క్రెల్. పైకి రాజంపేట వైపు ముగ్గురాళ్ల గనిలో ఇంజనీరు. అతని టైపిస్టు డోరా క్లెమెంట్స్, గుంతకల్లు రైల్వే కాలనీ ఆంగ్లో ఇండియన్. ఇద్దరి ఫోటోలు బల్ల మీద పడ్డాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కెమెరా వైపు అక్కర లేనట్టు చూస్తోంది డోరా.

దావీదురాజు సువార్త పుస్తకాలమ్మేవాడిగా వెళ్లాలి. సైకిలు, పుస్తకాల పెట్టె సిద్ధం. పెట్టె అడుగున వైర్‌లెస్ సెట్టు. మోర్స్ మీట పెద్ద బైబిలు అట్టలో. ఏసన్న దాచిన పుస్తకం దొరికాక తెరవకూడదు. “మత్తయి సువార్త ఉందా” అని అడిగి, “మార్కు ఒక్కటే మిగిలింది” అంటే “అదైనా చాలు” అన్న మనిషికి ఇచ్చెయ్యాలి.

“ఈ కోడ్ మనిద్దరికీ, నేను పంపే మనిషికీ తప్ప ఎవరికీ తెలీదు,” అన్నాడు సర్దేశాయి. ఫోటోలు వెనక్కి తీసుకుంటూ, “ఆరోజు నువ్వు పంపింది 1014 కదూ?” అని అడిగాడు.

“అవును సర్,” అన్నాడు దావీదురాజు. లాగ్‌లో అదే ఉంది. తన సంతకమే ఉంది. అయినా గుడారం బయటికి వచ్చాక అతని చూపుడువేలు తొడ మీద తనంతట తానే కొట్టుకుంది. మూడు చుక్కలు, రెండు గీతలు. మోర్స్‌లో అది మూడు. 1014లో మూడు లేదు.

రాళ్లకొత్తూరులో విమానం ఇంకా ఉంది, ముక్కలుగా. మేకల దొడ్డికి తలుపు రెక్కలోంచి కోసిన రేకు. ఇళ్లల్లో గంగాళాలు, తట్టలు అల్యూమినియంవి. చిన్న చర్చి ముందు వేలాడగట్టిన ప్రొపెల్లరు ముక్కను ఇనుపకమ్మితో కొడితే ఆదివారం ఆరాధనకు జనం వస్తారు. దావీదురాజు అయిదు రోజులు సువార్తలమ్మాడు, జబ్బుపడ్డవాళ్ల దగ్గర ప్రార్థన చేశాడు. విమానం సంగతి ఎవరినీ అడగలేదు.

ఏసన్న భార్య రాహేలమ్మ అతనికి సంగటి పెట్టేది కానీ మాట కలిపేది కాదు. ఆరోరోజు ఆమే అడిగింది.

“ఎవురప్పా నువ్వు? పాత ఇనుము కొంటామని ఇద్దరొచ్చిరి, మందులమ్ముతానని ఒకడొచ్చె. అందరూ ఇమానం సంగతే అడిగిరి. నువ్వొక్కడివే అడగలేదు. అందుకే నీ మీద శానా అనుమానంగా ఉండాది.”

తనకు మేకలు మేపడానికి కొండెక్కే పని ఉందనీ, అక్కడ పూడ్చినవాళ్లకు ఏ అయ్యగారూ ప్రార్థన చెయ్యలేదనీ, వస్తే రమ్మనీ చెప్పింది. దావీదురాజు వెళ్లాడు. కాలిన బండల మధ్య వరసగా రాళ్లు పేర్చిన దిబ్బలు. తల వంచి ప్రార్థన చేస్తూనే లెక్కపెట్టాడు. ఫైల్లో చచ్చినవాళ్లు అయిదుగురు. ఇక్కడ దిబ్బలు ఆరు.

మర్నాడు బనగానపల్లె సంతలో మామిడిగంపల మధ్య సైకిలు ఆపి పుస్తకాలు పరిచాడు. ఎండలో నీలంగొడుగు ఒకటి వచ్చి ముందు ఆగింది. లిప్‌స్టిక్, హైహీల్స్, నల్ల కళ్లద్దాలు. సంతంతా ఆమెనే చూస్తోంది.

“మత్తయి సువార్త ఉందా?” అంది డోరా క్లెమెంట్స్.

దావీదురాజు తల ఎత్తలేదు. పుస్తకాలు సర్దుతూ, “మార్కు ఒక్కటే మిగిలింది,” అన్నాడు.

“అదైనా చాలు.”

కోడ్ సరిగ్గా ఉంది. మనిషి శత్రువు. “ఈ మాట మీకెవరు చెప్పారు?”

“క్రెల్.”

“క్రెల్‌కు?”

“అది మీకే తెలియాలి. మీ కోడ్ కదా.”

ఆమె పుస్తకం తిరగేస్తున్నట్టు నటిస్తూ నెమ్మదిగా మిగిలింది చెప్పింది. ఆ డకోటా పైలట్ తన అన్న. విచారణ తీర్పు నమ్మలేక ఏడేళ్లు తిరిగింది. సర్దేశాయి మీద అనుమానం ఉన్న ఢిల్లీ పెద్దలు ఇద్దరు ఆమెను క్రెల్ ఆఫీసులో టైపిస్టుగా పెట్టించారు. ఆ విమానంలో ఒక విచారణాధికారి ప్రయాణించాడు. సైన్యం రహస్య సంకేతాలు విదేశానికి అమ్ముతున్నదెవరో తేల్చే ఆధారం అతని సంచీలో ఉంది. ఇప్పుడు బేరం కుదిరింది. పుస్తకం సర్దేశాయికి, కొత్త సిగ్నల్ కోడ్ క్రెల్‌కు.

“పుస్తకం ఇచ్చిన తరువాత మీరు బతికి ఉండాలన్న షరతు ఆ బేరంలో లేదు,” అంది. బనగానపల్లె బంగళాలో రిజర్వు పోలీసులు వైర్‌లెస్ పెట్టుకుని కూర్చున్నారని చెప్పి, ఒక ఫ్రీక్వెన్సీ అంకె పుస్తకం మార్జిన్‌లో పెన్సిలుతో రాసింది.

దావీదురాజు ఆమెను నమ్మలేదు. ఏడుపు నేర్చినవాళ్లను, అన్నదమ్ములను కల్పించుకున్నవాళ్లను ఎందరినో చూశాడు. క్రెల్ ఆడిస్తున్న నాటకమే కావచ్చు. అయితే కోడ్ మాత్రం ఇద్దరి నోళ్లలోనే పుట్టింది. తను బయటపెట్టలేదు. ఆ లెక్క ఎటు తిప్పినా ఒక్కచోటే తేలుతోంది. ఆ చోటులో తనకు ఉద్యోగమిచ్చిన మనిషి కూర్చుని ఉన్నాడు.

పుస్తకం చూస్తే తప్ప ఏదీ తేలదనుకున్నాడు. డోరాను వెంటబెట్టుకుని రాళ్లకొత్తూరు చేరి, రాహేలమ్మ ముందు నిలబడి తను ప్రసంగీకుణ్ణి కానని ఒప్పుకున్నాడు.

“తెలుసులేప్పా,” అంది రాహేలమ్మ. “ప్రసంగం చెప్పేవోడు అన్నం తినేటప్పుడు గూడా మాట్లాడతాడు. నువ్వు చెవులు పెట్టుకోని తింటావు.” తరువాత డోరా వైపు చూసింది. “ఈయమ్మ ఎవురు?”

డోరా తన అన్న పేరు చెప్పింది. ఎడమచెయ్యి చిటికెనవేలు సగమే ఉండేదని చెప్పింది.  “ఆ పిల్లోణ్ణి మా ఆయప్ప వరస కడాన పూడ్చినాడు, చెట్టు నీడ పడేకాడ,” అని రాహేలమ్మ లేచి గడ్డపార అందుకుంది.

మధ్యాహ్నం కొండ మీద గాలి లేదు. రాహేలమ్మ మేకలు మళ్లించడానికి బండల వెనక్కి వెళ్లింది. ఆరో దిబ్బలో రెండడుగుల లోతున అల్యూమినియం పెట్టె దొరికింది. లోపల పారాచూట్ పట్టులో చుట్టిన గడియారాలు, ఒక ఉంగరం, ఉత్తరాలు, వైర్‌లెస్ ఆపరేటరు లాగ్‌బుక్కు. దావీదురాజు చివరి పేజీ తెరిచాడు. పెన్సిలు రాత. ఏరోడ్రోము పేరు, టైము, దాని పక్కన అంకె. 1034.

ఒక మిల్లీబారు ఒత్తిడికి సుమారు ముప్పై అడుగుల ఎత్తు. ఇరవై ఎక్కువ చెబితే ఆల్టిమీటరు లేని ఆరువందల అడుగుల ఎత్తు చూపుతుంది. ఎదురుగా నల్లగా కాలిన మచ్చ ఉంది. అక్కణ్ణించి కొండకొమ్ముకు నాలుగు వందల అడుగులుండవు.

అతను దిబ్బ మీద కూర్చుండిపోయాడు. సర్దేశాయి చీటీ మీద అంకె రాసి ఇచ్చాడు. తను కొట్టాడు. ఆ సాయంత్రం లాగ్ గజిబిజిగా ఉందని, చక్కగా తిరగరాయమని చెప్పి, సర్దేశాయే ఒక్కో అంకె చదివాడు. తను రాశాడు, సంతకం చేశాడు. అప్పటికి తనకు ఇరవై మూడేళ్లు. ఈ పనికి తననే ఎందుకు పంపాడో కూడా ఇప్పుడు అర్థమైంది. ఎప్పుడైనా బయటపడితే మీట నొక్కిన వేలు దావీదురాజుదే.

“ఆ అంకె పంపింది నేనే,” అన్నాడు.

డోరా కళ్లద్దాలు తీసింది. “తెలుసు. మొదట మిమ్మల్నే చంపాలనుకున్నాను.” కళ్లద్దాలు మడుస్తూ, “రాసిచ్చినవాడు వేరే ఉన్నాడని క్రెల్ నోట విన్నాక మానుకున్నాను,” అంది.

అప్పుడే కింద రాళ్లు దొర్లిన చప్పుడైంది. క్రెల్ టైపిస్టును నమ్మి ఒంటరిగా పంపే రకం కాదు, వెనకే వచ్చాడు. సర్దేశాయి క్రెల్‌ను నమ్మే రకం కాదు. కోడ్ ఉన్న తోలుసంచీతో అతని వెంటే వచ్చాడు. ఇద్దరి చేతుల్లోనూ పిస్తోళ్లు.

దావీదురాజు లేవలేదు. బైబిలు మోకాలి మీద పెట్టుకుని, భయపడ్డవాడిలా రెండు చేతులూ దానికి ఆనించాడు. పక్కనే పుస్తకాల పెట్టె, దాని అడుగున డోరా రాసిచ్చిన ఫ్రీక్వెన్సీకి ముందే తిప్పి ఉంచిన సెట్టు. అట్ట కింద చూపుడువేలు మీటను వెతుక్కుంది.

“తెరవొద్దన్నాను,” అన్నాడు సర్దేశాయి.

“1034 అని ఎందుకు రాసిచ్చారు సర్?”

సర్దేశాయి జవాబు చెప్పకుండా ఉండాల్సింది. కానీ తన కింద పనిచేసినవాడు, ఇంకో అయిదు నిమిషాల్లో బతికుండనివాడు అడుగుతున్నాడు. విచారణాధికారి దిగి ఉంటే తన మెడకు ఉరి పడేదని, విమానం కూల్చడానికి బాంబు అక్కర్లేదని, ఒక అంకె చాలని చెప్పాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ అట్ట కింద వేలు ఆడుతూనే ఉంది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

క్రెల్ సంచీ అందుకుని కాగితాలు చూసి తల ఊపాడు. సర్దేశాయి లాగ్‌బుక్కు లాక్కుని చివరి పేజీ విప్పి, సిగరెట్ లైటరు వెలిగించాడు. కాగితం అంచు గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుని, మంట అందుకుంది. అంకె దాకా రెండు వేళ్ల వెడల్పు మిగిలింది.

బండల పైనుంచి రివ్వుమని చప్పుడు. సర్దేశాయి మణికట్టు విరిగినట్టు వంగింది, పుస్తకం ఒకవైపు, లైటరు ఒకవైపు పడ్డాయి. పైన రాహేలమ్మ వడిసెలలో ఇంకో రాయి పెట్టి తిప్పుతోంది. డోరా మోకాళ్ల మీద పడి మంటను అరచేతులతోనే అణిచింది. ఎడమచేత్తో పిస్తోలు తీయబోయిన సర్దేశాయి మీదికి దావీదురాజు ఎగిరి దూకాడు. క్రెల్ ఎవరి కోసమూ ఆగలేదు. సంచీ చంకన పెట్టుకుని దగ్గరి దారిన పరుగు తీశాడు. వాళ్లిద్దరి వెనకే బంగళా నుంచి బయల్దేరి, దావీదురాజు కొట్టిన మాటలు వింటూ వచ్చిన రిజర్వు పోలీసులు ఆ దారినే ఎక్కి వస్తున్నారు.

“మా ఆయప్పకు సోడా పోయించింది వీళ్లేనా?” అని అడిగింది రాహేలమ్మ కిందికి దిగి. అవునన్నాడు దావీదురాజు. ఆమె బేడీలు పడ్డ ఇద్దరినీ చూసింది. వాళ్లకు కూడా ప్రార్థన చేస్తావా అని అడిగి, జవాబు కోసం చూడకుండా మేకల దగ్గరికి వెళ్లిపోయింది.

పేజీ బతికింది. అంకె బతికింది. డోరా అరచేతులకు కట్లు కట్టించుకుని, ఉంగరం తీసుకుని గుంతకల్లు రైలెక్కింది. పైలట్ పొరపాటు అన్న తీర్పును ఢిల్లీ కొట్టేసింది. దావీదురాజు తన పాత సంతకం గురించి దాచకుండా వాంగ్మూలం ఇచ్చాడు.

నెల తరువాత అతనికి ఆఫీసు నుంచి ఒక మెమో వచ్చింది. ప్రభుత్వ వైర్‌లెస్ సెట్టును పైఅధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా వాడినందుకు సంజాయిషీ ఇవ్వాలి; లేదా సదరు అధికారి సంతకంతో అనుమతి పత్రం వారంలోగా దాఖలు చెయ్యాలి. సదరు అధికారి అప్పుడు కడప జైల్లో ఉన్నాడు. దావీదురాజు మెమోను రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, ములాఖత్‌కు అర్జీ రాయడం మొదలుపెట్టాడు.