జంటకొండ నడుమ తెల్లమన్ను

గుహ వాకిట బండ మీద చెక్కిన చేప బొమ్మ కనబడగానే కంబగిరి గడ్డపార భుజాన వేసుకుని లోపలికి దూరాడు. చేప గుర్తున్న చోట నిధి తప్పదని అతని నమ్మకం. వెనకాలే లాంతరుతో మరదలు సుంకమ్మ, ఆమె అన్న ఓబన్న నడిచారు. సుంకమ్మకు నిధితో పని లేదు. "మీ బావను పానాలతో ఇంటికి తోడుకోని రా" అని అక్క ఆమె చేతులు పట్టుకుని పంపింది.

తలపైన జంటకొండ. రెండు నల్లని శిఖరాలు, నడుమ కొడవలితో కోసినట్టు లోతైన పల్లం. గుహ సరిగ్గా ఆ పల్లం కిందికే పోయింది. ఇరువైపులా గడ్డపారకు లొంగని నల్లరాయి. మధ్యలో మనిషి పట్టేంత వెడల్పున తెల్లని మన్ను.

"సూడండి, వెన్న మాదిరి వస్తాంది," అన్నాడు కంబగిరి, పోటు మీద పోటు వేస్తూ. "ఎవురో తవ్వి పూడ్చిందే ఇది."

సుంకమ్మ లాంతరు దగ్గరగా పట్టింది. మన్నులో పలుగురాతి చార ఒకటి కప్పు నుంచి నేల దాకా ఎక్కడా తెగకుండా దిగింది. బావుల పనికి కూలికి పోయినప్పుడు ఆమె ఇలాంటి చారలు చూసింది. మనుషులు పూడ్చిన మన్నులో చార నిలవదు.

"బావా, ఇది పూడ్చింది కాదు, కుళ్ళిన రాయి. పైన పల్లంలో ఉండిందీ ఇదే. వానలకు నడిమి రాయి కొట్టుకపోయి ఒక్క కొండ రెండయింది. ఇంగా పోతానే ఉంది."

"కుళ్ళేదానికి కొండేమన్నా వంకాయనా మే?"

ఓబన్న నవ్వాడు. నవ్వు ముగియకముందే కప్పు నుంచి పిడికెడు మన్ను అతని మెడ మీద రాలింది. లోపలెక్కడో నీరు కారే చప్పుడు మొదలైంది.

"బయటికి పదండి," అంది సుంకమ్మ.

"ఇంగొక్క పోటు."

ఆ పోటుకు చార తెగింది. తెల్లని గోడ నిలువునా జారి కంబగిరిని నడుము దాకా కప్పేసింది. లాంతరు ఆరిపోయింది. ఓబన్న చీకట్లో తడుముకుంటూ బావ చంకల కింద చేతులు దూర్చాడు. సుంకమ్మ దోసిళ్ళతో తోడింది. తోడినకొద్దీ పైనుంచి దిగుతూనే ఉంది. ఇక తోడడం మానేసి, మన్నుకు అడ్డంగా వీపు ఆనించి, కాళ్ళు నల్లరాతికి తన్నిపట్టింది.

"ఇప్పుడు లాగు, అన్నా."

ఎముక విరిగిన చప్పుడు, కంబగిరి అరుపు కలిసి వినబడ్డాయి. అతన్ని ఈడ్చుకుంటూ ఇద్దరూ వాకిలి దాటారో లేదో, గుహ నోరు పూడిపోయింది. పైన శిఖరాల మధ్య పల్లం మరింత కుంగింది. దాని అంచున చెట్లు వేళ్ళతో వేలాడుతున్నాయి.

అతన్ని బండ మీద పడుకోబెట్టారు. కళ్ళు మాత్రం గుహ వైపే ఉన్నాయి.

"పూడ్చిందే అది. లేకుంటే అట్ల జారదు. కాలు కుదురుకోనీ, మళ్ళా వద్దాం."

సుంకమ్మ అతని పాదం పట్టుకుంది. చల్లగా ఉంది.

"కాలు కదిలిచ్చు బావా."

"కదిలిస్తానే ఉండా గదా," అన్నాడతను.

పాదం కదలలేదు.