మిషన్‌లో ఉన్న పిల్ల

ఆనంద్ బాబుకి నూజివీడు వైపు ఆడిట్ పడిందంటే పండగే. అది వేసవిలో పడితే ఇక చెప్పక్కర్లేదు. విజయవాడలో ఏసీ గదిలో కూర్చుని కాగితాలు తిరగేసే మనిషి, ఇక్కడికొస్తే మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి చిన్న రసాలు ఒకదాని తర్వాత ఒకటి జుర్రేవాడు. మోచేతుల దాకా రసం కారుతుంటే "ఈ ఉద్యోగంలో ఇదొక్కటే సుఖమండీ" అని నవ్వేవాడు. కాలేజీల వాళ్లకి ఆయనంటే మహా ఇష్టం. పెద్దగా తవ్వడు, గొంతు పెంచడు, వెళ్లేటప్పుడు కారు డిక్కీలో ఏం పెట్టారో తిరిగి చూడడు.

ఈసారి పడింది ముసునూరు రోడ్డులో, తోటల మధ్య ఉన్న ఒక డిగ్రీ కాలేజీ. పిల్లల ఫీజులు, హాస్టల్ ఖర్చులు ప్రభుత్వమే కడుతుంది. పైగా పోయినేడాది కేంద్రం నుంచి గ్రాంటు కూడా వచ్చింది, మామిడి గుజ్జు తీసే పనిలో పిల్లలకి శిక్షణ ఇవ్వమని. ఆ డబ్బు నిజంగా పిల్లలకే చేరిందో లేదో చూసి చెప్పడం ఆనంద్ బాబు పని. ఆఖర్న ఒక ధ్రువపత్రం ఉంటుంది. ఈ విద్యార్థులందరినీ నేను స్వయంగా చూశాను అని రాసి సంతకం పెట్టాలి. ఎవరూ ఎవరినీ చూడరు, సంతకం మాత్రం పడిపోతుంది. ఆయన కూడా భోజనానికి ముందే పెట్టేశాడు.

భోజనం ఘనంగా జరిగింది. కాలేజీ కరస్పాండెంట్ మురళీకృష్ణది నూజివీడులో తాతల నాటి నుంచి మామిడి వ్యాపారం చేసే కుటుంబం. మాటకి ముందొక అండీ, వెనకొక అండీ పెట్టి మాట్లాడతాడు. దగ్గరుండి వడ్డించాడు, దగ్గరుండి చేతులకి నీళ్లు పోయించాడు.

చెయ్యి తుడుచుకుంటూ వరండాలోకి వచ్చిన ఆనంద్ బాబుకి మెట్ల దగ్గర ఒక ఆడమనిషి కనిపించింది. తలకి తుండు చుట్టుకుని ఉంది. ముంజేతుల నిండా మామిడి సొన కాలిన మచ్చలు.

"అయ్యా, మీరు గవర్నమెంటోళ్లంట కదండి?"

"లెక్కలు చూసేవాళ్లమమ్మా. ఏంటి?"

"నా పేరు పార్వతండి. తోటల్లో కాయ కోతకెళ్తా. మా అమ్మాయి ప్రియాంక ఇక్కడే చదువుద్ది, హాస్టల్లోనే ఉంటది. కాయ దిగడం మొదలైన కాడి నుంచి దాని ఫోన్ లేదు. వచ్చి అడిగితే ట్రైనింగ్‌లో ఉంది, కలవడానికి లేదంటారు. స్టేషన్‌కి వెళ్లానండి. వాళ్లు ఇక్కడికి ఫోన్ చేసి కనుక్కుని, నీ కూతురు రోజూ మిషన్లో వేలు పెడతంటే తప్పిపోయిందంటావేంటని కసిరారు."

ఆఫీసు గది బయట గోడకే ఉంది ఆ మిషన్. బొటనవేలు ఆనిస్తే పేరు చూపించి, ఆడగొంతుతో 'థాంక్యూ' అనే చిన్న పెట్టె. ఆ హాజరు పడితేనే పిల్లల పేరు మీద డబ్బు వస్తుంది. ఆనంద్ బాబు మీటలు నొక్కి చూశాడు. ప్రియాంక, ఇవాళ హాజరు. నిన్న హాజరు. మొన్నా హాజరే.

"ఉంది కదమ్మా. ఇవాళ పొద్దున కూడా వచ్చింది."

"మిషన్‌లో ఉందండి. నాకు మనిషిని చూపించండి. దగ్గరికి కూడా రానివ్వక్కర్లేదు. అల్లంత దూరాన నిలబెట్టి చూపించినా చాలు, వెళ్లిపోతా."

ఆనంద్ బాబు మీట మీద నుంచి వేలు తీశాడు. స్వయంగా చూశాను అని గంట క్రితమే రాసిచ్చాడు. ఈవిడ అడుగుతున్నదీ అదే, చూపించమని. మనిషికి సిగ్గు వేసింది. చాలా ఏళ్లుగా వేయలేదు, అందుకని అదేంటో గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది.

లోపలికి వెళ్లి మురళీకృష్ణతో అన్నాడు. "ప్రియాంక అనే అమ్మాయిని ఒక్కసారి పిలిపించండి. చూసి బయల్దేరతాను."

మురళీకృష్ణ నవ్వు అలాగే ఉంది గానీ, పళ్ల పెట్టెకి తాడు కడుతున్న చేతులు ఆగిపోయాయి. "మైలవరం పంపామండీ, అక్కడేదో ట్రైనింగుంటే."

"పొద్దున ఇక్కడ వేలేసింది కదండీ?"

మూల బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా నాగరాజు చేతిలోంచి ఫైలు జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"సాయంత్రానికి రప్పిస్తానండీ. మీరు ఈలోపు టీ పుచ్చుకోండి," అన్నాడు మురళీకృష్ణ.

సాయంత్రానికి ఆ అమ్మాయి రాలేదు. గాలివాన వచ్చింది.

పడమటి వైపు ఆకాశం నల్లబడి, తోటల మీదుగా ఊళ వేసుకుంటూ గాలి లేచింది. కాయలు రాలి రేకుల మీద దభీదభీమని పడుతున్నాయి. కరెంటు పోయింది. తడి మట్టి వాసన, చితికిన మామిడి వాసన గదిలోకి వచ్చాయి. ఆ రెండింటి కింద ఇంకో వాసన కూడా ఉంది. ఊరగాయ జాడీ మూత తీసినప్పుడు వచ్చే ఉప్పు వాసన... కానీ చెడిపోయిన ఊరగాయ. ఇంత వాన పడుతున్నా హాస్టల్ వైపు నుంచి ఒక్క పిల్ల అరుపు కూడా వినిపించలేదు. అక్కడ పిల్లలే లేరని ఆనంద్ బాబుకి అప్పుడు అర్థమైంది.

వరండాలోంచి వినిపించింది.

"థాంక్యూ."

ముగ్గురూ అటు తిరిగారు. మిషన్ తెర నీలంగా వెలుగుతోంది. ప్రియాంక, హాజరు. దాని ముందు ఎవరూ లేరు. పార్వతి దూరంగా మెట్ల మీద తడుస్తూ కూర్చుని ఉంది.

"బ్యాటరీ ఉంటుందండీ లోపల. ఉరుములకి అలా కూస్తుంది," అన్నాడు మురళీకృష్ణ.

"థాంక్యూ."

ఆనంద్ బాబు సెల్‌ఫోన్ లైటు వేసుకుని దగ్గరికెళ్లి చూశాడు. వేలు ఆనించే గాజు మీద తడి. ఆ తడిలో ఉప్పురాళ్లు అంటుకుని ఉన్నాయి. చూస్తుండగానే గాజు మీద తడి అద్దుకుంది, ఎవరో గట్టిగా నొక్కినట్టు. అందులో వేలిముద్ర గీతలు కూడా కనిపించాయి.

"థాంక్యూ... థాంక్యూ... థాంక్యూ..."

నాగరాజు కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు. "నేను కాదండి... నేను పొద్దున ఒక్కసారే పెడతానండి... ఇప్పుడు నేను పెట్టట్లేదు..."

"నోర్ముయ్యి," అన్నాడు మురళీకృష్ణ.

నాగరాజు మూయలేదు. పాక్కుంటూ వెళ్లి బీరువా కింది సొరుగు లాగాడు. అందులో ఒక టిఫిన్ డబ్బా, దాని నిండా రబ్బరు వేళ్లు. చేరి ఎన్నడూ రాని పిల్లల వేళ్లు. దాని పక్కన చిన్న పింగాణీ జాడీ.

"ఇవన్నీ రబ్బరువేనండి. ఆ పిల్లకి అచ్చు తియ్యలేదు, రోజూ వచ్చేది కదా, అవసరం రాలేదు..." గొంతు గుసగుసలోకి దిగింది. "గుజ్జు మిషన్ తుక్కుదండి. కొత్తదని బిల్లు పెట్టి, మూతపడ్డ ఫ్యాక్టరీలోది తెచ్చి రంగేశారు. పైన మూతైనా లేదు. వచ్చే కొద్దిమంది పిల్లలతో సార్ సొంత సరుకు తీయించారు. ప్రియాంక జడ పట్టేసిందండి. ఆపేసరికి తల సగం... కానీ ప్రాణం ఉంది. అమ్మా అంటోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే గ్రాంటు పోద్దని సార్..."

"సార్ ఏం చేశారు?" అని అడిగాడు ఆనంద్ బాబు. అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది.

"మిగతా పిల్లల్ని బెదిరించి ఇళ్లకి పంపేసి, దాన్ని టెంకల గుట్ట కింద కప్పించారండి. అంతకుముందే వేలు కోశారు. హాజరు పడుతుంటే ఎవరూ అడగరని. ఉప్పులో వేశాం. అది ఉప్పులో ఉన్నా... వేడిగా ఉండేదండి. రోజూ పొద్దున వేడిగానే ఉండేది."

జాడీ మూత తీశాడు. లోపల ఉప్పు తప్ప ఏమీ లేదు.

గుమ్మంలో పార్వతి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ప్రాణం ఉండగానేనా?" అంది.

నాగరాజు తల ఊపాడు.

మురళీకృష్ణ బల్ల సొరుగు లాగి కత్తి తీశాడు. ఆవకాయకి కాయలు కొట్టే బరువైన కత్తి. ఆనంద్ బాబు వద్దు అనేలోపే అది నాగరాజు భుజంలో దిగింది. ఎముక పటుక్కుమంది. రక్తం చిమ్మి టిఫిన్ డబ్బాలో రబ్బరు వేళ్ల మీద పడింది. నాగరాజు అరిచిన అరుపు ఉరుములో కలిసిపోయింది. కత్తి పైకి లాగి మురళీకృష్ణ ఆనంద్ బాబు వైపు తిరిగాడు. ముఖం మీద రక్తపు తుంపరలు. మాట మాత్రం మారలేదు.

"మీరు చూశానని రాసిచ్చారు కదండీ. ఇప్పుడు చూడలేదంటే ఇద్దరం లోపలికెళ్తామండీ. మీరు కారెక్కి వెళ్లిపోండి. ఈవిడ సంగతి నేను చూసుకుంటాను."

ఆనంద్ బాబు జేబు తడుముకున్నాడు. కారు తాళాలు జేబులోనే ఉన్నాయి. పారిపోవాలని మనసంతా అటే లాగింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ మనిషి కత్తి పట్టుకుని పార్వతి వైపు అడుగు వేసేసరికి, ఏమనుకున్నాడో ఏమో, వెళ్లి ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు వెనక షెడ్డులో గుజ్జు మిషన్ తిరగడం మొదలెట్టింది.

కరెంటు లేదు. అయినా గరగరమని... తిరుగుతోంది.

"ఎవడ్రా అక్కడ?" అన్నాడు మురళీకృష్ణ. మొదటిసారి అండీ రాలేదు.

కత్తి కింద పడింది. పడేశాడనుకున్నాడు ఆనంద్ బాబు. కాదు. కుడి చెయ్యి ముందుకి నిటారుగా సాగింది. బొటనవేలు వెనక్కి వంగింది. ఇంకా వంగింది. ఎవరో ఆ ఒక్క వేలునీ పిడికిట్లో బిగించి... లాగుతున్నారు. అల్లరి పిల్లాణ్ణి వేలు పట్టి బడికి లాక్కెళ్లినట్టు, గది దాటించి, వరండా దాటించి, వానలోకి లాక్కెళ్లారు. ఎడమ చేత్తో గుమ్మం పట్టుకున్నాడు. గోళ్లు లేచిపోయి చెక్కలో ఉండిపోయాయి. మోకాళ్ల మీద పడ్డాడు. బురదలో ఈడ్చుకుపోయింది... అది. మెరుపులో అతని ముందు ఎవరూ కనిపించలేదు.

షెడ్డు తలుపు ధడాలున పడింది.

తర్వాత వినిపించినవి ఆనంద్ బాబు ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. "ఆపండీ... ఆపండీ..." అని మురళీకృష్ణ లోపల ఎవరినో బతిమాలాడు. "తప్పైపోయిందండీ..." ఆ తర్వాత మాటలు లేవు. మిషన్ ఒకసారి మొరాయించింది. గట్టిదేదో అడ్డం పడ్డట్టు. పటపటమని విరిగింది. మళ్లీ తిరిగింది. తలుపు కింద నుంచి మామిడి గుజ్జు పచ్చగా వానలోకి పారింది. చూస్తుండగానే నారింజ రంగు... ఆ తర్వాత ఎరుపు.

పార్వతి వానలో నిలబడి, రెప్ప వేయకుండా ఆ పారేదాన్ని చూసింది.

తెల్లారేసరికి పోలీసులొచ్చారు. మిషన్‌లోంచి మురళీకృష్ణని తీయడానికి మెకానిక్‌ని పిలవాల్సొచ్చింది. ఛాతీ పైన మనిషి లేడు. బయట మిగిలిన కుడి చేతికి బొటనవేలు లేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని గుజ్జంతా వడకట్టారు. ఎంత వడకట్టినా అది దొరకలేదు.

నాగరాజుని అంబులెన్స్ ఎక్కిస్తుంటే, టెంకల గుట్ట వైపు చెయ్యి చూపించి కళ్లు మూసుకున్నాడు. ఆనంద్ బాబు ఎస్సై దగ్గరికెళ్లి చెప్పాడు. "పిల్లలందరినీ చూశానని సంతకం పెట్టానండీ. ఒక్కరినీ చూడలేదు. అది కూడా రాసుకోండి." రాసుకున్నారు.

గుట్ట మీద కప్పిన టార్పాలిన్ పరదా తాళ్లు కట్టినట్టే ఉన్నాయి. కింద టెంకలు నెలన్నర ఎండకి గట్టిగా అట్టకట్టి, గునపం దిగడానికే కూలీలు అవస్థ పడ్డారు. దాన్ని ఎవరూ కదిపిన జాడ లేదు. నడుం లోతు తవ్వాక పరికిణీ అంచు కనిపించింది. తర్వాత మిగిలింది. పార్వతిని ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు పట్టుకున్నారు. ఆమె విడిపించుకుని గోతిలోకి దిగింది.

ఒళ్లంతా పాడైపోయింది. కుడి చెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. బొటనవేలు ఉండాల్సిన చోట ఎండిన కోత. మిగిలిన నాలుగు వేళ్లూ దేన్నో బిగించి పట్టుకుని ఉన్నాయి. ఎస్సై వంగి ఒక్కో వేలూ విప్పాడు. లోపల ఒక మగవాడి బొటనవేలు. ఇంకా వెచ్చగా ఉంది. విప్పగానే రక్తం కారింది.

ఎస్సై అది కింద పడేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

పార్వతి దాన్ని చూడనైనా చూడలేదు. చీర కొంగుతో కూతురి చెయ్యి శుభ్రంగా తుడిచింది. మట్టి, గుజ్జు, రక్తం అన్నీ తుడిచింది. తన చూపుడువేలు ఆ ఖాళీ అరచేతిలో పెట్టి కాసేపు కూర్చుంది. ఆనంద్ బాబు గోతి అంచున నిలబడి ఏడ్చాడు.

స్ట్రెచర్ వచ్చింది. ఎండ ఎక్కుతోంది. ఎస్సై మెల్లగా అన్నాడు.

"అమ్మా, పోస్టుమార్టంకి తీసుకెళ్లాలి. చెయ్యి వదులు తల్లీ."

పార్వతి తలెత్తింది.

"నేను పట్టుకోలేదండి," అంది. "అదే వదలట్లేదు."