చిన్న జీతం ఎటు పోవాలి

ఊలు మేజోళ్ళు సంచీలో పెట్టబోయి జానెల్ ఆగిపోయింది. ఫీనిక్స్ ఎండల్లో ఊలు మేజోళ్ళు ఎవరికి కావాలి! వాటిని తీసేసి పల్చటి చొక్కాలు మడతపెట్టింది. భర్త కర్ట్ ఆదివారం విమానానికి వెళ్తున్నాడు. అక్కడి పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు, మాట్లాడి వారంలో వస్తాడు. వచ్చాక ఇద్దరూ కూర్చుని వెళ్ళాలో వద్దో తేల్చుకోవాలని అనుకున్నారు. అనుకున్నారని ఆమె అనుకుంది!

అంతలో ఫోన్ మోగింది. ఆమె పనిచేసే పిల్లల క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునే డోనా. వీడ్కోలు విందు గురువారం పెట్టమంటావా, శుక్రవారమా, కేకు నిమ్మకాయదా, చాక్లెట్‌దా అని అడిగింది.

"ఎవరి వీడ్కోలు, డోనా?"

"నీదే కదా తల్లీ... డాక్టర్ హాల్వర్‌సన్ చెప్పారు. నీ చోట్లోకి మార్చిలో కొత్తమ్మాయి వస్తోందిట."

జానెల్ ఫోన్ పెట్టేసింది. కర్ట్, ఆ క్లినిక్ నడిపే హాల్వర్‌సన్ కలిసి ప్రతి శనివారం గడ్డకట్టిన సరస్సు మీద చేపల గుడిసెలో కూర్చుంటారు. మంచుకి తూటు పొడిచి, గాలం వదిలి, కబుర్లు చెప్పుకుంటారు. ఆ కబుర్లలో ఆమె ఉద్యోగం కూడా ఒకటయిందన్నమాట!

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఫిజీషియన్ అసిస్టెంట్లే, డాక్టరు చేతికింద రోగుల్ని చూసేవాళ్ళు. ఒకే కాలేజీలో ఒకే బల్ల మీద చదివారు, ఒకే పరీక్ష రాశారు. ఆమెకే నాలుగు మార్కులు ఎక్కువ కూడా! కర్ట్ గుండె ఆపరేషన్ల వైపు వెళ్ళాడు, ఆమె పిల్లల వైపు. మొదటి రోజు నుంచే అతని జీతం పెద్దది. ఒమాహాలో ఆమె జీతం పెరిగే ఏడాది వచ్చేసరికి స్పోకేన్‌లో అతనికి ఇంకా మంచి ఉద్యోగం వచ్చింది. సామాను కట్టారు. కొత్త రాష్ట్రం, కొత్త లైసెన్సు, అది వచ్చేదాకా జీతం లేని ఎదురుచూపు, తరువాత కొత్తగా చేరిన పిల్లతో సమానంగా మళ్ళీ మొదటి మెట్టు! అక్కడ కాస్త నిలదొక్కుకునేసరికి ఈ మిన్నెసోటా. ప్రతిసారీ ఆమె జీతం చిన్నది కాబట్టి ఆమే వదులుకోవాలి. వదులుకుంది కాబట్టి అది చిన్నదిగానే ఉండిపోయింది... ఈ గానుగలో ఇన్నేళ్ళూ తనే తిరుగుతున్నానని ఆమెకి ఆ పూట తెలిసింది. కళ్ళలోకి నీళ్ళు రాలేదు, మంట వచ్చింది!

రాత్రి భోజనాల దగ్గర అడిగింది. అత్తగారు సిగ్రిడ్ పొయ్యి ముందు నిలబడి బంగాళాదుంప రొట్టెలు కాలుస్తోంది.

"నేను రాజీనామా ఎప్పుడు చేశాను కర్ట్?"

అతను వెన్న రాసుకుంటూనే చెప్పాడు. హాల్వర్‌సన్ అడిగితే ఉన్నమాట చెప్పాడట. ముందుగా తెలిస్తే వాళ్ళకి మనిషిని వెతుక్కునే వీలుంటుందని, మంచికే చెప్పాడట.

"ఎలాగూ వస్తావు కదా," అన్నాడు. "నీ జీతం ఇంటి సరుకులకి వస్తుంది జానెల్. ఇల్లు నడిచేది నాతో. కోపం తెచ్చుకోకుండా ఆలోచించు."

"నా జీతం ఎందుకు పెరగలేదో ఎప్పుడైనా ఆలోచించావా? అది పెరగబోయిన ప్రతిసారీ నువ్వు లారీ పిలిచావు."

"పిల్లల చెవులు చూసే పనికి ఎక్కడైనా అంతే ఇస్తారు. అమ్మా, నువ్వైనా చెప్పు."

ఎక్కువ తెచ్చేవాడి మాటే ఇంట్లో చెల్లాలని పెళ్ళయిన నాటి నుంచీ అత్తగారు అంటూనే ఉంది. ఆ పూట సిగ్రిడ్ రొట్టె తిప్పి, "తినండి, చల్లారిపోతాయి," అని మాత్రం అంది.

మర్నాడు శనివారం ఉదయం జానెల్ బూట్లు తొడుక్కుని సరస్సు మీద నడుచుకుంటూ వెళ్ళి చేపల గుడిసె తలుపు కొట్టింది. ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఏ రోజూ అక్కడికి వెళ్ళినది కాదు! లోపల హాల్వర్‌సన్ ఒక్కడే ఉన్నాడు, కర్ట్ ప్రయాణం పనుల్లో పడి ఆ వారం రాలేదు. మొగుడే చెప్పాక నమ్మకుండా ఎలా ఉంటానన్నాడు. కొత్తమ్మాయికి మాట ఇచ్చేశానని నీళ్ళు నమిలాడు.

"నా నోటితో విన్నారా? ఏళ్ళ తరబడి ఇంకో మనిషి కావాలని అడిగాను, డబ్బు లేదన్నారు. నేను పోతాననగానే దొరికిందే! ఆ అమ్మాయిని రానివ్వండి. నేనూ ఉంటాను. ఒమాహాలో చేసినవీ, స్పోకేన్‌లో చేసినవీ నా ఏళ్ళే. వాటిని కలిపి జీతం కట్టండి."

గుండె విభాగం తెచ్చినంత డబ్బు పిల్లల విభాగం తేలేదని, ఈ ఉత్తరపు మూలన అంత ఇచ్చుకోలేమని అతను గొణిగాడు.

"గుండె విభాగమంత ఇమ్మనలేదు. నా ఏళ్ళు నాకిమ్మంటున్నాను."

అతను గాలం పైకి లాగి పక్కన పెట్టాడు. సరే, కలుపుతామన్నాడు. కలిపినా అది కర్ట్‌కి ఫీనిక్స్‌లో ఇస్తామన్న దానిలో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. జానెల్‌కి అది తెలుసు.

ఆదివారం పొద్దున్న, తను రానని ఆమె చెప్పినప్పుడు కర్ట్ ముఖం ఎర్రబడింది. అరవలేదు, వెటకారం చేశాడు. ఆ జీతంతో ఇల్లు వెచ్చబెట్టే పొయ్యికి నూనె పోయిస్తావా, అమ్మకి మందులు కొంటావా అన్నాడు. ఉంటే ఉండమన్నాడు. తల్లిని మాత్రం వారంలో వచ్చి తను తీసుకుపోతానని, ఈలోగా ఆమె సామాను సర్దమని భార్యనే ఆజ్ఞాపించాడు!

అప్పుడు సిగ్రిడ్ గదిలోంచి వచ్చింది.

"నా సామాను ముట్టుకోకు అమ్మాయ్," అంది కోడలితో. కొడుకు వైపు తిరిగింది. "నీ జీతం పెద్దదే. ఎవరు కాదన్నారు? మీ నాన్నదీ పెద్దదే, ఆయన వెంట తిరిగాను. నీ వెంటా తిరిగాను. పోయిన ప్రతిచోటా నలుగురు పరిచయమయ్యేసరికి లేవదీశారు. అమ్మా, వస్తావా అని ఒక్కసారైనా అడిగావా? మంచం లారీ ఎక్కించాక చెప్పేవాడివి."

"ఇప్పుడు అడుగుతున్నాను కదా."

"ఇప్పుడు రానంటున్నాను కదా."

కర్ట్ సంచీ అందుకుని, తల్లిని కూడా నాకు కాకుండా చేశావని భార్య మీద విసురుగా అని బయటికి నడిచాడు. కారు వెళ్ళిపోయాక సిగ్రిడ్ కుర్చీలో కూర్చుంది. జానెల్ ఆమె చేతులు పట్టుకుని, ఎందుకన్నారు అత్తయ్యా, నా కోసం కొడుకుని వదులుకోవడం ఎందుకని ఏడ్చింది. నీ కోసం కాదు, అంది సిగ్రిడ్. ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు...

జానెల్ ఆ క్లినిక్‌లోనే ఉంది. చలికాలాల్లో పై గదులు మూసేసి, కింద ఒక్క గదిలోనే అత్తాకోడళ్ళిద్దరూ పడుకున్నారు. కర్ట్ ఫీనిక్స్ ఉద్యోగంలోనే చేరి, రెండేళ్ళపాటు పండగలకి వచ్చి అతిథిలా కూర్చుని వెళ్ళాడు. చివరిసారి వచ్చింది 2014 ఈస్టర్‌కి. ఆ తరువాత రాలేదు. 2017 అక్టోబరులో తల్లి పోయినప్పుడు కూడా రాలేదు.