కాస్త పట్టుకో నాయనా

రేయ్ వెంకటేశా, ఫోన్ చెయ్యొద్దు. మాట్లాడే ఓపిక లేదు, టైప్ చేస్తా, చదువుకో. చదివి నవ్వే ఎమోజీ పెట్టినావంటే రేపట్నించి నీ బైకు ఎక్కను. దమ్ముంటే నమ్ము. నమ్మకపోతే నువ్వే పో ఆడికి, ఆ చివరి మలుపు దాకా ఒక్కడివే నడువు. చూస్తా నీ మగతనం.

నిన్న నేనూ హర్షా పోయింటిమి కదా, ఆనేకల్ రోడ్డులో మిలిటరీ షో. "పాత తుపాకులు చూసేదానికి ఎవడన్నా ఆదివారం వేస్ట్ చేస్తాడా" అని నువ్వు ఎగ్గొట్టినావే, అదే.

మొదట్లో భలే కామెడీగా ఉండెరా. వారమంతా వైట్‌ఫీల్డ్‌లో లాప్‌టాప్ ముందర కూర్చునే అంకుల్సు, కాకీ డ్రస్సు ఏసుకోని, కాళ్ళకు గుడ్డ పట్టీలు చుట్టుకోని, మొదటి ప్రపంచ యుద్ధం ఆడతాండారు. బొజ్జలు బెల్టుల్లో పట్టల్యా. ఒకాయన గుండు తగిలి చచ్చిపోయినట్టు పడి, పడుకోనే భార్యకు ఫోన్ చేస్తాండాడు. హర్షగాడు నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు తెచ్చుకున్నాడు.

వాళ్ళ లీడరు జ్ఞానప్రకాశం సార్. పెద్ద మీసాలు, మెళ్ళో విజిలు. టేబుళ్ళ మీద తుపాకులు పెట్టి, ముట్టుకోండి, ఎత్తి చూడండి, ఫోటో తీసుకోండి అని అందరికీ చెప్తాండాడు. ఒక్కదానికి మాత్రం అడ్డం వచ్చె. తెల్లగుడ్డ మీద పెట్టిండారు. కట్టె అంతా మురిగిపోయి ఉత్త తుప్పు ఇనుము మిగిలిండాది. చూసేదానికి గడ్డపార ముక్కే.

"ఇది వద్దప్పా. యాడో ఫారిన్‌లో పొలం దున్నుతాంటే మట్టిలో దొరికింది. మన సిపాయిలు నూరేండ్ల కిందట ఆడ పోరాడినారు, తెలుసునా?"

"ముట్టుకుంటే ఏమైతాది సార్?" హర్ష.

"ధనుర్వాతం వస్తాది" అనె సారు. అందరూ నవ్విరి.

నాకు మా అవ్వ గుర్తొచ్చె. ఆ పొద్దున టెంకాయ కొట్టే కత్తి అడిగితే చేతికియ్యబోతి. సొన్నమ్మవ్వ కదా, ఊరుకుంటాదా? "కింద పెట్టురా! ఇనుము చేతిలోంచి చేతికి తీసుకోకూడదు. ఇచ్చినోడి పీడ తీసుకున్నోడికి పోతాది" అని తిట్టె. "అవ్వా, మరి స్కూటరూ ఇనుమే కదా, షోరూంవాడు రోడ్డు మీద పారేసి పోవాల్నా?" అంటి. మా యమ్మ కూడా నవ్వె.

ఇది గుర్తు పెట్టుకో.

గ్రౌండు ఎనకాల జేసీబీతో కందకం తవ్వించిండారు. మనిషి కంటే లోతు. రెండు పక్కలా ఇసక మూటలు, కింద చెక్కలు, పాము మాదిరి వంకరటింకర. సారు అందర్నీ ఆడ నిలబెట్టి చెప్పె. కాపలా సిపాయి అంటే ఇంకొకడు వచ్చి చేతిలో తుపాకి అందుకునే దాకా కదలకూడదంట. ఆకలైనా, చలైనా, పక్కన బాంబు పడినా.

"మరి ఒంటికి, రెంటికి?" అనె హర్ష. సారు మీసాల్లోనే నవ్వె.

ఆ తర్వాత హర్ష తినేదానికి బొరుగుల చురుమురి తెస్తానని పోయ. నేను రీల్ చేద్దామని ఒక్కణ్ణే దిగితి. మధ్యాహ్నం మూడో, నాలుగో. రాత్రి కాదు, ఏం కాదు. పైన మంటలాంటి ఎండ. మైకులో కామెంటరీ, పిల్లల గోల, పాప్‌కార్న్ వాసన.

ఒక మలుపు తిరిగితి. మైకు సన్నగా వినిపించె. ఇంకొకటి తిరిగితి. చెప్పుల కింద చెక్కలు బుడుక్ బుడుక్ అంటాండాయి. కింద నీళ్ళురా. నెల్లాళ్ళ నించి బెంగళూరులో చినుకు పడల్యా, ఈడ నీళ్ళు యాడివి? పచ్చి మట్టి వాసన. దాంట్లో కిరసనాయిలు. దాంట్లో ఇంకేదో... ఫ్రిజ్‌లో కరెంటు పోయి మాంసం చెడితే వస్తాదే, అది.

చివర్లో పైన రేకు కప్పిన గది మాదిరి ఉండాది. దాని ముందర ఒకాయన నిలబడిండాడు.

డ్రస్సు సూపర్‌రా, అనుకుంటి. మిగతా అంకుల్స్ మాదిరి ఇస్త్రీ డ్రస్సు కాదు. తడిసి ఒంటికి అతుక్కోని ఉండాది. తలపాగా మట్టి రంగు. బొజ్జ లేదు. బుగ్గలే లేవు. చేతిలో తుపాకి, కొత్తది, నూనె పూసినట్టు మెరుస్తాండాది.

"అంకుల్, ఒక రీల్" అంటి.

ఆయన నా పక్క చూసె. శానాసేపు చూసె.

"తెలుగోనివా?" గుసగుసగా అడిగె.

"ఆఁ."

"యాన్నించి వస్తివి నాయనా..." ఆయన మెడ ముందుకు చాపె. "తెలుగు మాట ఇని ఎన్నేండ్లాయెనో."

యాక్టింగ్ అదిరింది అనుకుంటి. ఫోన్ జేబులో పెడ్తి, తుపాకితో పోజు ఇద్దామని. ఆయన రెండు చేతులతో తుపాకి ముందుకు చాపె. వేళ్ళు చూస్తి. తెల్లగా, ముడుతలు పడి... రోజంతా నీళ్ళల్లో నానిన వేళ్ళు.

"కాస్త పట్టుకో నాయనా. నీళ్ళు తాగొస్తా."

పట్టుకుంటి.

అంతేరా. పట్టుకుంటి.

ఆయన నా బుగ్గ నిమిరె. ఐసు ముక్క తగిలినట్టు ఉండె. ఏడుస్తా నవ్వుతా, నేను వచ్చిన దారిలోనే పోయ. నీళ్ళల్లో అడుగులు పడతాండాయి, శబ్దం లేదు.

ఆయన వచ్చి వీడియో తీస్తాడని రెండు నిమిషాలు నిలబడితి. ఆయన రాల్యా. బరువు ఎక్కువయితాండాది. సరే, బయట ఇచ్చేద్దాం అని నడిస్తి. మలుపు తిరిగితి. మళ్ళా మలుపు.

రేకు గది.

ఎనక్కి తిరిగి పరిగెత్తితి. మలుపు. మలుపు. రేకు గది.

తలెత్తి చూస్తే ఆకాశం సన్నగా, గుడ్డ పీలిక మాదిరి. ఎండ లేదు. బూడిద రంగు. కందకం మీద అడ్డంగా చెక్క వంతెన, దాని మీద జనాలు పోతాండారు. బూట్లు, చెప్పులు, ఒక పాప లైటు షూసు ఎర్రగా వెలుగుతాండాయి. "అన్నా! అక్కా!" అని అరుస్తి. నా గొంతు నాకే వినపడల్యా. ఇసక మూటలు మింగేసినట్టు. జేబులో ఫోన్ మోగుతాండాది, తీద్దామంటే...

చెయ్యి రావడంల్యా.

తుపాకి మీద నించి వేళ్ళు రావడంల్యారా. రెండు చేతులూ. అతుక్కోల్యా, ఏం లేదు. వేళ్ళు నావి, వదలమంటే వదలవు.

మోకాళ్ళ దాకా నీళ్ళు. కాళ్ళు మొద్దుబారినాయి. ఎంతసేపు నిలబడితినో చెప్పలేను. ఆకలై, ఆకలి పోయి, నిద్దరొచ్చి, నిద్దర పోయి... అన్నీ అయినాయి. పాప లైటు షూసు ఇంకా వంతెన దాటల్యా.

అప్పుడు హర్ష వచ్చె.

చురుమురి పొట్లం పట్టుకోని, మలుపు తిరిగి నేరుగా నా ముందరికి వచ్చె. నాకు ఏడుపొచ్చె. వాడు నన్ను చూసి నవ్వె.

"నమస్తే సార్. ఒక ఫోటో?"

సార్ అంటాడేందిరా వీడు!

నా పక్కకొచ్చి సెల్ఫీ తీసుకునె. "మా ఫ్రెండు ఇట్లా వచ్చినాడా సార్? హేమంత్ అని, కోతి మొహంగాడు." నేనేరా అని అరుస్తాండా. పెదాలు కదలడంల్యా.

అప్పుడు వాడు పొట్లం చంకలో పెట్టుకోని రెండు చేతులూ చాపె.

"సార్, గన్ ఒక్కసారి ఇస్తారా?"

నా చేతులు లేచినాయి. ఇందాక ఎంత పీకినా రాని వేళ్ళు... సడలతాండాయి. ఒళ్ళంతా తేలికాయె. ఇచ్చేస్తే చాలు, పోవచ్చు. నా నోరు తెరుచుకునె. నా నోట్లోనించి గుసగుస వచ్చె.

"కాస్త పట్టుకో నా..."

వాడి వేళ్ళు ఇంత దూరంలో ఉండాయి. చురుమురి ఉల్లిపాయ వాసన వచ్చె. ఆ వాసనకేమో, మా వంటిల్లు గుర్తొచ్చె. అవ్వ గుర్తొచ్చె. కింద పెట్టురా.

మోకాళ్ళ మీద పడితి. తుపాకిని నీళ్ళల్లోకి, బురదలోకి నొక్కితి, దాని మీద పడుకోని నొక్కితి. వేళ్ళు ఒక్కొక్కటే చర్మం చీరుకోని వచ్చినాయి.

ఎండ. మైకు. పాప్‌కార్న్.

"రేయ్, ఎండిపోయిన నేల మీద ఏం ఈత కొడతాండావు?" అని హర్ష. "ఇప్పుడే ఈడ ఒక ముసలి సిపాయి ఉండె, యాడికి పోయ?"

నీళ్ళు లేవు. తుపాకీ లేదు. జ్ఞానప్రకాశం సార్‌ను అడిగితే, ఆ మూలలో మనిషినే పెట్టల్యా అనె. ఆయనకు నా మాట వినే తీరికే లేదు. టేబుల్ మీద తెల్లగుడ్డ ఖాళీగా ఉండాది, అందరూ టేబుళ్ళ కింద వెతుకుతాండారు.

హర్ష సెల్ఫీ నీకు పంపిస్తా, చూడు. ముసలి సిపాయి. ఆయన చేతి మణికట్టు జూమ్ చెయ్యి. గేటు కాడ మాకు కట్టిన పచ్చ రంగు ఎంట్రీ బ్యాండు. మీద రాసిన నంబరు నాదిరా.

రాత్రంతా ఒక్కటే ఆలోచన. నేను ఎవరికీ ఇయ్యల్యా కదా. కింద పెట్టి వచ్చినా. మరి ఆ డ్యూటీ ఇప్పుడు ఎవరిది? అరచేతుల్లో తుప్పు ఎంత కడిగినా పోవడంల్యా. అవ్వకు చూపిస్తే దేవుడి గదిలోకి పోయి తలుపేసుకునె.

ఆగు, మా యమ్మ సంతనించి వచ్చినట్టుండాది. కింద గేటు కాడినించి అరుస్తాంది.

వాకిట్లో ఎవరో పాత ఇనుప ముక్క పెట్టి పోయినారంట. గడ్డపార మాదిరి ఉండాదంట. జనాలకు తగులుతాదని ఎత్తిందంట.

కింద పెట్టుమా, పెట్టేయ్ అని కిటికీలోనించి అరుస్తి.

"పెట్టేదానికి రావడంల్యారా" అంటాంది.

ఇప్పుడు అరవడంల్యా. గుసగుసగా మాట్లాడతాంది. మూడో ఫ్లోరు రా మాది, ఎట్లా వినిపిస్తాంది నాకు?

మా యమ్మ నన్ను పుట్టినప్పట్నించి రేయ్ అనే పిలుస్తాది. ఇప్పుడు నాయనా అంటాంది. నీళ్ళు తాగొస్తా అంటాంది.

ఆ ఇనుముతో రెండు చేతులూ నా కిటికీ పక్కకు ఎత్తి నిలబడిండాది వెంకటేశా.

మళ్ళా పిలుస్తాంది. పోతాండా.