దిష్టి మిరపకాయలు

...అయితే, రాగుల డబ్బాలోకి చెయ్యి ఎప్పుడు దిగింది? సంగటికి కావలసిన పిండి పక్కనున్న చిన్న డబ్బాలో ఉంటుంది. ఆ సంగతి కెంపమ్మకు తెలుసు. చేతికి మాత్రం వేరే సంగతి తెలిసినట్టుంది. మోచేతి దాకా చల్లని రాగుల్లో మునిగి, అడుగున తడుముకుని, మాత్రల షీటు ఒకటి పట్టుకుని పైకి వచ్చింది. ఎప్పుడు దాచిందో ఆమెకు గుర్తు లేదు... చెయ్యి మరిచిపోలేదు! ఆరు మాత్రలు మిగిలి ఉన్నాయి. గుండె ఒక్కసారి ఎగిరిపడింది. ఎనిమిది నెలలుగా దేనికీ ఎగరని గుండె. షీటును నడుముకు దోపుకుంది.

మిద్దె మీద చింతపండు ఆరబోస్తూ జారిపడి నడుము విరిగినప్పుడు మొదలైన మాత్రలవి. నొప్పి ఆరు నెలల్లో పోయింది, మాత్రలు మూడేళ్లు ఉండిపోయాయి. చివరికి ఒకరోజు కూతురు నేత్ర పుట్టింటికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడిపోతున్నాయి, గోడకు ఆనుకున్న తల్లి పెదవులు నీలంగా ఉన్నాయి. నేత్రకు అప్పుడు ఆరో నెల.

"నల్లమందు జాతి మందు అమ్మా అది" అంది చిక్కబళ్లాపురంలో డాక్టరమ్మ. "సంతోషం బయటినుంచి వచ్చి పడుతుంటే మెదడు సొంతంగా తయారు చేసుకోవడం తగ్గించేసింది. మళ్లీ నేర్చుకుంటుంది. నెలలు పడుతుంది, ఏడాది దాటినా దాటొచ్చు. అందాకా ఏదీ రుచించదు. మాత్రల దారి మాత్రం చాలాకాలం గుర్తుంటుంది."

రుచించకపోతే పోనీ. కానీ మనవరాలు? అయిదు నెలల పసికందును ఎత్తుకుంటే సొరకాయను ఎత్తుకున్నట్టుంది! "నా బంగారు, నా తల్లి" అని ముద్దు చేసే గొంతు పక్కగదిలో ఎవరిదో అన్నట్టు వినిపిస్తుంది. ఆ గొంతును ఇంట్లో అందరూ నమ్ముతున్నారు... ఒక్క నేత్ర తప్ప.

"అమ్మా" నేత్ర ఏడుస్తున్న పాపతో వంటింట్లోకి వచ్చింది. "సోమవారం నుంచి శాలెలో పాఠాలు చెప్పను పోవాల. బాగేపల్లికి పోయి వచ్చేతలికి సాయంత్రమైతాది. పాపను నీ దగ్గర ఇడిచిపోదునా? నిజం చెప్పు."

"దానికేం, ఇడిచిపో" అంది పక్కగది గొంతు.

నేత్ర తల్లి కళ్లలోకి చూసింది. పాప ఏడుపు ఆపలేదు.

"పొద్దన పక్కింటి హేమావతి ఎత్తుకుండినప్పటి నుంచీ ఇదే రాగం" అన్నాడు మొగుడు ముత్యాలప్ప వరండాలోంచి. "దిష్టి తీయే."

కెంపమ్మ చెయ్యి మిరపకాయల డబ్బా దగ్గర ఆగింది. ఆ మూడేళ్లూ ఎన్నిసార్లు దిష్టి తీసిందో! పొయ్యిలో మిరపకాయలు కాలుతుంటే వరండాలో మొగుడు దగ్గి దగ్గి చచ్చేవాడు. పొయ్యి ముందున్న తనకు మాత్రం గొంతు గరగర కూడా అనేది కాదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని లెక్క. ఎవరి కళ్లో తనకు అతుక్కుపోయాయనుకుంది. మురుగమల్ల దర్గాకు కూడా పోయి వచ్చింది. ఆ భయానికి ఇంకో మాత్ర వేసుకునేది. దగ్గును అణిచింది ఆ మందేనని డాక్టరమ్మ చెప్పాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత మళ్లీ మిరపకాయలు ముట్టలేదు. ఇప్పుడూ ఘాటు తెలియకపోతే... లోపల ఎవరూ లేరని తేలిపోతే?

అయినా ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పెట్లోకి తీసుకుంది.

"గుప్పెడా? చారులోకేమన్నా ఏస్తాండావా?" అన్నాడు ముత్యాలప్ప తొంగిచూసి.

నీళ్లపొయ్యి దగ్గర నేత్ర ఒళ్లో పాప. కెంపమ్మ మూడుసార్లు చెయ్యి తిప్పింది. "వచ్చినోళ్ల కండ్లు, పోయినోళ్ల కండ్లు..." నిప్పుల్లో వేసింది. చిటపటలు. ఒక క్షణం ఏమీ లేదు. పొగ లేచింది, ఆమె ఎదురుచూసింది. ఏమీ లేదు...

గొంతులో సూది గుచ్చినట్టయింది. దగ్గు! కడుపులోంచి తన్నుకుని వచ్చింది. కళ్లలోంచి నీళ్లు జలజల కారాయి. గాలి తిరిగి పొగ ఒళ్లోని పాప వైపు మళ్లింది. అప్పటికే చెయ్యి కదిలింది, ఆమెకు తెలియకుండానే! కొంగు పాప ముఖాన్ని కప్పేసింది. చిన్న ఊపిరి వెచ్చగా అరచేతికి తగిలింది.

కెంపమ్మ ఆ చేతిని చూసింది. రాగుల్లోకి దిగిన చెయ్యే. ఒకే చెయ్యి.

"ఏంమా, ఏడుస్తాండావా? ఘాటుకా?" అంది నేత్ర దగ్గుతూ.

అవునంటే సరిపోయేది. సోమవారం పాప తన దగ్గరే ఉండేది. నిజం చెబితే బహుశా ఎప్పటికీ ఉండకపోవచ్చు... పక్కగది గొంతు ఏదో తియ్యగా అనబోయింది. కెంపమ్మ దాన్ని అననివ్వలేదు.

"నాకింకా బాగు కాలేదు నేత్రా" అంది. ఆ గొంతు బొంగురుగా ఉంది, తనదే.

నడుము దగ్గర తడిమి, ఆరు మాత్రల షీటును తీసి కూతురి అరచేతిలో పెట్టి, ఆ వేళ్లను మూసింది.