అత్తయ్య పళ్ళు ఏ ఫోల్డరులో ఉన్నాయి

“మీ ప్రోగ్రాం మా అత్తయ్య పళ్ళు మింగేసింది.”

తలుపు తీస్తూనే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. ప్రోగ్రామర్ తడి గొడుగు మూసేలోపే రెండో మాట పడింది.

“ఐదింటికల్లా కక్కించండి. లేకపోతే నా పెళ్ళి ఖాయమైపోతుంది.”

అతను గొడుగు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాడు.

అది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్. ముందు గదిలో గాజు బీరువాల నిండా పళ్ళ సెట్లు వరసగా నవ్వుతుంటాయి. యజమానిని అందరూ పళ్ళ మాస్టారు అంటారు. ఆయన కూతురే ఈ అమ్మాయి. వచ్చినవాళ్ళ నోరు స్కాన్ తీసి, కంప్యూటర్లో పన్ను పన్నూ చెక్కి ప్రింటర్‌కి పంపేది ఆమే. ఆ స్కాన్లను రోజూ సర్ది దాచే ప్రోగ్రాం రాయడానికి ఆమధ్య వచ్చాడు ఇతను. మూడు రోజుల పనిని పది రోజులు సాగదీశాడు. ఎందుకు సాగదీశాడో ఆమెకి తెలుసు. తెలియనట్టే ఉండిపోయింది.

“అసలేం జరిగిందండీ?” కుర్చీ లాక్కుంటూ అడిగాడు.

“పొద్దున అత్తయ్య బాల్కనీలోంచి తొంగిచూస్తూ తుమ్మింది. పళ్ళు రోడ్డు మీద పడ్డాయి. వాటి మీంచి బస్సు వెళ్ళింది.”

“మళ్ళీ స్కాన్ తీయొచ్చుగా?”

“కెమెరాకి నోరు చూపించడం ఇదే ఆఖరని పోయినసారే ఒట్టు పెట్టుకుంది. పాత స్కాన్ దొరికితే గంటన్నరలో కొత్త సెట్టు ప్రింట్ చేసేస్తాను. అది ఉన్నట్టు కనిపిస్తోంది కానీ తెరుచుకోవట్లేదు.”

“పళ్ళకీ మీ పెళ్ళికీ సంబంధం ఏంటి?”

ఆమె గొంతు తగ్గించింది. “ఐదింటికి ఒక డెంటిస్టు వాళ్ళమ్మని తీసుకుని వస్తున్నాడు. నాన్నకి ఆ సంబంధం తెగ నచ్చేసింది. ఈ ఇంట్లో వద్దు అనే హక్కు అత్తయ్య ఒక్కదానికే ఉంది. ఆవిడ దేనికైనా ముందు వద్దంటుంది, నా ఆశంతా దాని మీదే. కానీ పళ్ళు లేకుండా పరాయివాళ్ళ ముందు పెదవి విప్పదు. వద్దనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని నాన్న చెప్పేశాడు.”

సోఫాలో మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్న అత్తయ్య, వేలితో గోడ గడియారం చూపించింది. మూడు కావస్తోంది.

అతను స్కాన్ల ఫోల్డరు తెరిచాడు. లోపల ఇంకో ఫోల్డరు. అందులో ఇంకొకటి. తెరిచిన కొద్దీ ఇంకొకటి. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“ఏంటి, చెప్పండి.”

“నా ప్రోగ్రాం రోజూ సాయంత్రం ఒక కొత్త ఫోల్డరు చేసి, ఉన్నవన్నీ అందులో పడేస్తుంది.”

“మంచిదేగా.”

“ఉన్నవన్నీ అంటే నిన్నటి ఫోల్డరు కూడా. ఇవాళ్టి దాంట్లో నిన్నటిది, నిన్నటి దాంట్లో మొన్నటిది. అత్తయ్యగారు నెల రోజుల లోతున ఉన్నారు.”

“ఉంటే వెళ్ళి తీసుకురండి.”

“విండోస్ పోనివ్వదు. డ్రైవు అక్షరం నుంచి ఫైలు పేరు దాకా, మధ్యలోని ఫోల్డర్ల పేర్లతో కలిపి, మొత్తం దారి రెండు వందల అరవై అక్షరాలు దాటకూడదు. దాటితే అలాంటి ఫైలే లేదని దబాయిస్తుంది.”

“పేర్లు పొట్టిగా పెడితే సరిపోయేదిగా?”

ఆమె వంగి స్క్రీన్ మీది పేరు పైకి చదివింది.

“‘ఎంతో ఓపికగా చెక్కిన పళ్ళు, వర్షం పడ్డ మంగళవారం.’ ఇదేం పేరండీ?”

“పొడిపొడి పేర్లంటే చిరాకని మీరేగా అన్నారు.”

“‘నీలం స్వెట్టర్ వేసుకున్న గురువారం.’ ఇది కూడా పళ్ళ గురించేనా?”

“ఇక్కడున్న పది రోజులూ పేర్లు నేనే పెట్టాను. తరవాత నుంచి ప్రోగ్రాం వాటినే తిప్పి తిప్పి పెడుతోంది.”

సోఫాలోంచి దగ్గు వినిపించింది. చేతిరుమాలు వెనక అత్తయ్య భుజాలు కదులుతున్నాయి.

అంతలో పళ్ళ మాస్టారు కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. “ఏమయ్యా, మా అక్కయ్య నోరు ఇంకా దొరకలేదా?”

“దొరుకుతుందండీ. ఒక ఉపాయం ఉంది.” అతను ఆమె వైపు తిరిగాడు. “దారి మొదట్లో వెనక్కి వాలిన గీతలు రెండు, ఒక ప్రశ్నార్థకం, మళ్ళీ ఒక గీత పెట్టాలి. అప్పుడు విండోస్ పొడుగు లెక్క అడగదు. ముప్పై వేల అక్షరాల దాకా నోరు మూసుకుంటుంది.”

కోడ్ మార్చి రన్ చేశాడు. ఫైలు లేదంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ లేదంది. గడియారం నాలుగు వైపు నడుస్తోంది. అతని చెమట కీబోర్డు మీద పడుతోంది.

“ఈ గీతలేంటి, కొన్ని ఇటూ కొన్ని అటూ వాలాయి?” అంది ఆమె.

అతను తల పట్టుకున్నాడు. “మా ఇంటి కంప్యూటర్లో విండోస్ కాదు, లినక్స్. అక్కడ ఫోల్డర్ల పేర్ల మధ్య గీత ముందుకి వాలుతుంది, ఆ అలవాటు పోలేదు. మామూలుగా విండోస్ రెండూ సర్దుకుంటుంది. ఈ గుర్తు పెడితే మాత్రం సర్దుకోవడం మానేస్తుంది. పైగా నేను దారి మధ్యలోంచి మొదలెట్టాను. మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా రాయాలి.”

“మీరు ఏదీ మొదటి నుంచి చెప్పరు కదా.”

అతని వేళ్ళు గీతలు దిద్దుతూనే ఉన్నాయి. “మొదటి రోజు మీరు నా చేతిలో ఒక దవడ పెట్టి, కాస్త పట్టుకోండి అని వెళ్ళిపోయారు. గంట తరవాత వచ్చి, ఇంకా పట్టుకునే ఉన్నారా అని నవ్వారు. మొదలైంది అక్కడ.”

“అది పారేయాల్సిన దవడ.”

“అని తరవాత తెలిసింది. అయినా ఇంటికి తీసుకెళ్ళాను. మీరంటే ఇష్టం.”

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో స్క్రీన్ మీద అత్తయ్య పై దవడ ప్రత్యక్షమై గర్వంగా గుండ్రంగా తిరిగింది.

“ప్రింట్ కొట్టండి ముందు,” అంది ఆమె. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

పై సెట్టు బయటికి వచ్చి, కింది సెట్టు ఇంకా ప్రింటవుతుండగానే బెల్ మోగింది. వచ్చిన డెంటిస్టు నిగనిగలాడుతున్నాడు. వాళ్ళమ్మ ఇంకా నిగనిగలాడుతోంది. పళ్ళ మాస్టారు వాళ్ళని కూర్చోబెట్టి, అక్కయ్య వైపు చూసి, ఆవిడ మూసిన నోరు చూసి సంతోషంగా చేతులు రుద్దుకున్నాడు.

“మా అబ్బాయి దగ్గరికి ఒక్కసారి వస్తే చాలు, పోయేదాకా ఒక్క పన్ను ఊడదు,” అంది డెంటిస్టు తల్లి.

“అబ్బో, అంతకంటే ఇంకేం కావాలి. మా అక్కయ్యకీ అభ్యంతరం లేనట్టే ఉంది, ఇక మాట అనేసుకుందాం...”

లోపలి గదిలోంచి ఆ అమ్మాయి వేడి తగ్గని సెట్లతో పరుగెత్తుకొచ్చింది. అత్తయ్య అటు తిరిగి వాటిని అమర్చుకుంది. టక్కుమంది. ఇటు తిరిగింది.

“వద్దు.”

“ఏంటక్కయ్యా, ఎందుకని?”

“ఒక్క పన్ను ఊడనివ్వనివాడు అల్లుడైతే మనమేం చేసుకుని బతకాలిరా?”

మాస్టారు గాజు బీరువాల వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ కోణంలో ఆలోచించలేదు.

“అదీ నిజమే,” అన్నాడు డెంటిస్టు నిజాయితీగా, లేచి నిలబడుతూ. వాళ్ళు గౌరవంగా సెలవు తీసుకున్నారు.

తలుపు మూసుకోగానే ఆ అమ్మాయి ప్రోగ్రామర్‌ని వెంటబెట్టుకుని తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. “నాన్నా, మొదటి నుంచి చెప్తాను విను. నాకు ఈయనంటే ఇష్టం. అడిగితే ఇదే చెప్పేదాన్ని, అడగలేదు.”

మాస్టారు అక్కయ్య వైపు చూశాడు. ప్రోగ్రామర్ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ దేనికైనా ముందు ఏమంటుందో అతను ఇప్పుడే విన్నాడు.

“ఏమబ్బాయ్, ఈ నెలలో ఎంతమంది పళ్ళు మాయం చేశావ్?” అంది అత్తయ్య.

“రెండు వందల మందివండీ. కానీ అన్నీ బయటికి తీసేస్తాను, రేపటికల్లా...”

“వాళ్ళకి నొప్పేమైనా తెలిసిందా?”

“లేదండీ.”

అత్తయ్య తమ్ముడి వైపు తిరిగింది. “వెతికినా దొరకడురా ఇలాంటి అల్లుడు. ఖాయం చేసెయ్.”

మాస్టారు గొంతు సవరించుకుని, కుర్చీ మీద ఏముందో చూడకుండానే తనే ముందుకు జరిపాడు. “అల్లుడుగారూ, నిలబడే ఉన్నారేం. కూర్చోండి.”

అతను ఆ అమ్మాయి ముఖం మీంచి చూపు తిప్పకుండానే కూర్చున్నాడు. కింద ఏదో పటుక్కుమంది.

“చూశావట్రా,” అంది అత్తయ్య మురిపెంగా. “అప్పుడే ఇంకొకళ్ళ పళ్ళు.”